మిగిలిన నాలుగు మాత్రలు

ఇంటిలో ఒకరికి గొంతునొప్పితో జ్వరము తగిలినదనుకొందాము. వైద్యుడు పరీక్షించి, రోజుకు ఒక్కటి చొప్పున ఏడు మాత్రలు వ్రాసి ఇచ్చినాడు. మూడవనాటికి జ్వరము దిగినది. నాలుగవనాటికి రోగి లేచి తిరుగుచున్నాడు. “తగ్గినది కదా, ఇంకను ఆ వేడిచేసే మందెందుకు?” అని పెద్దలెవరో అన్నారు. మిగిలిన నాలుగు మాత్రలు రేకుతో సహా అలమారలో చేరినవి. ఆరు నెలల తరువాత పొరుగింటి పిల్లవానికి జలుబు చేసినప్పుడు అవి గోడ దాటి వెళ్లినవి.

ఇది ప్రతి ఇంటిలోనూ జరుగునట్టిదే. మా ఇండ్లలోనూ జరిగినదే. పారవేయుటకంటె పదిమందికి పనికివచ్చుట మేలనెడి సద్బుద్ధియే దానికి మూలము. ఐనను ఆ నాలుగు మాత్రలలో ఉన్న ప్రమాదమెట్టిదో తెలియవలెనంటే, సూక్ష్మజీవులను చంపు మందులు శరీరములో ఎట్లు పనిచేయునో తెలియవలెను. అది తెలిసికొనుటకు మానవునికి అర్ధశతాబ్దమునకు పైగా పట్టినది. ఆ కథనే నేడు శ్రోతలకు మనవి చేయదలచినాము.

సూక్ష్మజీవిని చంపుట కష్టమైన పని కాదు. మరుగుచున్న నీరు చంపును. కార్బాలిక్ ఆమ్లము చంపును. ఆ ఆమ్లముతో గాయములను శుభ్రపరచి, శస్త్రచికిత్స తరువాత వచ్చు మరణములను తగ్గించవచ్చునని 1867లోనే జోసెఫ్ లిస్టర్ లోకమునకు చూపినాడు. కాని గాయముపై పూయదగిన విషమును నెత్తురులోనికి ఎక్కించుటకు వీలులేదు. క్రిమితోపాటు మనిషియు చచ్చును.

వరిచేనులో ఊద మొలిచినదనుకొందాము. చేనుకు నిప్పు పెట్టినచో ఊద మాడిపోవును, వరియు మిగలదు. లేతవయసులో ఊద వరివలెనే కనబడును. తెలిసిన రైతు దాని మొదలు చూచి, ఆకు ఈనె చూచి, ఆ రెంటికిని గల భేదమును కనిపెట్టి ఊదను మాత్రమే పెరికివేయును. మంచి మందు చేయు పనియు ఇదియే. క్రిమికిని మనకును ఎక్కడ భేదమున్నదో అక్కడనే అది దెబ్బ కొట్టవలెను. ఈ మందుల చరిత్ర అంతయు అట్టి భేదముల కొరకు సాగిన వెదకులాటయే.

ఆ వెదకులాటను శాస్త్రీయముగా ఆరంభించినవారిలో అగ్రగణ్యుడు జర్మనీ దేశపు పాల్ ఎర్లిక్. ఆయనకు దారి చూపినవి అద్దకపు రంగులు. సూక్ష్మదర్శిని క్రింద చూచినప్పుడు, ఒక రంగు కొన్ని కణములకు అంటుకొని తక్కినవానికి అంటకపోవుట ఆయన గమనించినాడు. రంగు ఈ విధముగా ఎంచుకొని అంటుచున్నప్పుడు, విషమును మాత్రము అట్లు ఎంచుకొని అంటునట్లు ఏల చేయరాదు? ఈ ప్రశ్నతో ఆయన పాషాణపు సమ్మేళనములను వందలకొలది తయారుచేయించి, ఒక్కొక్కదానికి సంఖ్య వేసి పరీక్షింపజేసినాడు. 1909లో జపాను నుండి వచ్చిన సహచిరో హాతా అను వైద్యుడు, 606వ సమ్మేళనము సవాయి రోగపు క్రిములను చంపి, రోగపు కుందేళ్లను బ్రతికించుట చూచినాడు. మరుసటి సంవత్సరము అది సాల్వర్సాన్ అను పేరుతో అంగడికి వచ్చినది. దానిని ఇచ్చుట కష్టము, పాషాణపు చెడుగు పూర్తిగా పోలేదు. ఐనను ఒకానొక క్రిమిని గురిచూచి కొట్టవచ్చునను మాట రుజువైనది.

తరువాత ఇరువదేండ్లకు పైగా పెద్ద ఫలితము లేక గడచినవి. 1932 చివరను జర్మనీలోనే బేయర్ సంస్థకు చెందిన గెర్హార్డ్ డోమాక్ ఒక ఎర్రని రంగును ఎలుకలకు ఇచ్చి చూచినాడు. స్ట్రెప్టోకాకస్ క్రిములు ఎక్కించిన ఎలుకలలో, రంగు ఇచ్చినవి బ్రతికినవి, ఇవ్వనివి చచ్చినవి. ప్రాంటోసిల్ అని దానికి పేరు పెట్టి 1935లో ఫలితములను ప్రకటించినాడు. ఆయన చిన్నకూతురు చేతిలో సూది విరిగి విషమెక్కి, చేయి తీసివేయవలసిన స్థితి వచ్చినప్పుడు, ఆ తండ్రి తన మందునే ఇచ్చి ఆ చేతిని, ఆ ప్రాణమును నిలుపుకొన్నాడు. 1939లో ఆయనకు నోబెల్ బహుమానము ప్రకటింపగా, హిట్లరు ప్రభుత్వము దానిని నిరాకరించునట్లు నిర్బంధించినది. 1947లో పతకము అందినది గాని పైకము అందలేదు.

ఈ ఎర్రరంగులో ఒక వింత ఉండెను. గాజుగొట్టములోని క్రిములపై పోసినచో అది ఏమియు చేయదు. ఎలుక శరీరములో మాత్రము పనిచేయును. పారిస్ నగరములోని పాస్టర్ సంస్థవారు 1935లోనే ఆ చిక్కు విప్పినారు. శరీరములో ఆ రంగు రెండు తునకలగును. అందులో రంగులేని చిన్న తునక, అనగా సల్ఫనిలమైడ్, అసలు మందు. అది 1908లోనే ఒక రసాయన విద్యార్థి తయారుచేసిన పదార్థము. దాని శక్తిని ఎవరును ఎరుగక, అది అంతకాలము అద్దకపు పరిశ్రమకే పరిమితమై ఉండెను.

అయితే ఆ తునక క్రిమిని ఎట్లు చంపుచున్నది? 1940లో ఇంగ్లండులో డొనాల్డ్ వుడ్స్ దీనికి సమాధానము కనుగొన్నాడు. ఈస్టు సారమును చేర్చినచో సల్ఫా మందు పనిచేయకుండుట గమనించి, ఆ సారములో ఉన్నది పారా అమైనో బెంజోయిక్ ఆమ్లమను పదార్థమని ఆయన చూపినాడు. అది క్రిమి పెరుగుదలకు అవసరమైన ముడిసరుకు. సల్ఫా మందు ఆకారములో అచ్చముగా దానివలెనే ఉండును. తాళములో దొంగతాళపుచెవి ఇరుక్కొన్నట్లు, క్రిమి ఆ ముడిసరుకును అందుకొను చోట సల్ఫా దూరి కూర్చుండును. నిజమైన సరుకు లోనికి పోదు. క్రిమి పెరుగుదల నిలిచిపోవును. తక్కిన పని మన రక్తములోని తెల్లకణములు చేయును.

ఈ ఘట్టములోనే ఒక తెలుగువాని పేరు వచ్చుచున్నది. క్రిమి ఆ ముడిసరుకుతో తయారుచేయునది ఫోలిక్ ఆమ్లము. భీమవరములో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు, మద్రాసులో వైద్యము చదివి, అమెరికాలో హార్వర్డులో పరిశోధన సాగించి, 1940లో లెడర్లీ ప్రయోగశాలలో చేరినాడు. ఆయన నాయకత్వములోని బృందము 1945లో ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసి, 1946లో దాని నిర్మాణమును ప్రకటించినది. ఆ నిర్మాణము మధ్యలో వుడ్స్ చెప్పిన పదార్థమే ఒక తునకగా ఉన్నది! సుబ్బారావు సోదరులను బలిగొన్న స్ప్రూ వ్యాధికి ఆ ఫోలిక్ ఆమ్లము మందు కూడ అయినది.

దీనితో భేదము స్పష్టమైనది. క్రిమి తన ఫోలిక్ ఆమ్లమును తానే వండుకొనవలెను. మన శరీరము దానిని వండుకొనలేదు. తోటకూర, పాలకూర, పప్పుల ద్వారా సిద్ధముగా పొందును. సల్ఫా మందు క్రిమి వంటింటిని మూసివేయును. మనకు అట్టి వంటిల్లే లేదు గనుక ఆ దెబ్బ మనకు తగలదు. మందు మహత్తు అంతయు ఇట్టి చిన్న భేదములోనే ఇమిడి ఉన్నది.

రెండవ గొప్ప భేదమును బూజు చూపినది. 1928 సెప్టెంబరులో లండను సెయింట్ మేరీస్ ఆసుపత్రిలో అలెగ్జాండర్ ఫ్లెమింగ్, క్రిములు పెంచు గాజుపళ్లెములో పడిన బూజు చుట్టును క్రిములు కరగిపోవుట చూచినాడు. దానినుండి మందును వేరుచేసి శుద్ధిపరచు పని ఆయనవలన కాలేదు. పదేండ్ల తరువాత ఆక్స్‌ఫర్డులో హోవర్డ్ ఫ్లోరీ, ఎర్నెస్ట్ చెయిన్, నార్మన్ హీట్లీ ఆ పనికి పూనుకొన్నారు. 1940 మే 25వ తేదీన ఎనిమిది ఎలుకలకు క్రిములెక్కించి, నాల్గింటికి పెన్సిలిన్ ఇచ్చినారు. తెల్లవారునప్పటికి మందు పుచ్చుకొన్న నాలుగును బ్రతికి ఉండెను. తక్కిన నాలుగును చచ్చియుండెను.

1941 ఫిబ్రవరిలో ఆ మందు ఆల్బర్ట్ అలెగ్జాండర్ అను పోలీసు ఉద్యోగికి ఇచ్చినారు. ముఖమంతయు చీముపట్టి, ఒక కన్ను పోయి, చావుకు సిద్ధముగా ఉన్న మనిషి కొద్ది దినములలో తేరుకొని అన్నము కోరినాడు. కాని ఉన్న పెన్సిలిన్ అయిపోయినది. ఆయన మూత్రమునుండి కూడ మందును తిరిగి తీసి ఎక్కించినారు, అదియు చాలలేదు. రోగము తిరుగబెట్టి మార్చిలో ఆయన మరణించినాడు. మందు పనిచేయకపోవుట వేరు, మందు చాలకపోవుట వేరు. సగములో ఆగిన చికిత్స ఎట్లు ముగియునో ఆ మొదటి రోగి కథయే చెప్పినది.

పెన్సిలిన్ కొట్టు చోటు ఏది? బాక్టీరియా కణము చుట్టును గట్టి గోడ ఉండును. మన శరీరకణములకు పలుచని పొర తప్ప అట్టి గోడ లేదు. బాక్టీరియా పెరుగునప్పుడు పాతగోడను విప్పి క్రొత్త ఇటుకలు పేర్చుకొనుచుండును. ఆ ఇటుకలను అతుకు పనిని పెన్సిలిన్ ఆపివేయును. లోపలి ఒత్తిడికి బలహీనపడిన గోడ పగిలి, క్రిమి నశించును. కట్టడము సాగుచున్నప్పుడే ఈ దెబ్బ పనిచేయును. పెరుగక నిద్రాణముగా పడియున్న క్రిమిని పెన్సిలిన్ అంతగా బాధింపదు. ఇదంతయు 1950, 60 దశకములలో క్రమముగా తేలిన సంగతి.

కాని అదే ఆక్స్‌ఫర్డులో ఇంకొక సంగతియు తేలియుండెను. కొన్ని బాక్టీరియాలు పెన్సిలిన్‌ను తునకలు చేయు రసమును తయారుచేయుచున్నవని చెయిన్, ఎడ్వర్డ్ ఏబ్రహామ్ 1940 డిసెంబరులోనే ప్రకటించినారు. అనగా ఆ పోలీసు ఉద్యోగికి మందు ఎక్కించుటకు ముందే, ఆ మందుకు విరుగుడు ప్రకృతిలో సిద్ధముగా ఉండెను. 1945లో నోబెల్ బహుమానము పుచ్చుకొనుచు ఫ్లెమింగ్ కూడ హెచ్చరించినాడు. చాలీచాలని మోతాదులో పెన్సిలిన్ వాడినవాడు, మందుకు లొంగని క్రిములను పెంచి తన ఇంటివారికే అంటించగలడని ఆయన భయము.

బూజు తరువాత పరిశోధకుల చూపు మట్టిపై పడినది. మట్టిలో కోటానుకోట్ల సూక్ష్మజీవులు ఒకదానితో ఒకటి పోరాడుచుండును. వాని ఆయుధములే మనకు మందులు. అమెరికాలో రట్గర్స్ విశ్వవిద్యాలయములో సెల్మన్ వాక్స్‌మన్ ప్రయోగశాలలో, 1943లో ఆయన శిష్యుడు ఆల్బర్ట్ షాట్జ్ స్ట్రెప్టోమైసిన్ కనుగొన్నాడు. క్షయక్రిమిపై పనిచేసిన మొదటి మట్టిమందు అది. సుబ్బారావు పరిశోధనశాఖకు అధిపతిగా ఉన్న లెడర్లీలో, డెబ్బది దాటిన వృక్షశాస్త్రజ్ఞుడు బెంజమిన్ డుగ్గర్ మిస్సోరీ రాష్ట్రపు పొలములోని మట్టినుండి బంగారురంగు ఆరియోమైసిన్ తీసినాడు. టెట్రాసైక్లిన్ కుటుంబములో అది మొదటిది. బోదకాలు రోగమునకు నేటికిని మన గ్రామములలో పంచు డి.ఇ.సి. మాత్ర కూడ ఆ ప్రయోగశాలలో వెలసినదే. ఆరియోమైసిన్ లోకమునకు వెల్లడియైన కొద్దివారములకే, 1948 ఆగస్టులో, 53 ఏండ్ల వయసున సుబ్బారావు కన్నుమూసినాడు.

ఈ మట్టిమందులు మూడవ భేదమును పట్టుకొన్నవి. ప్రతి జీవకణములోను మాంసకృత్తులను తయారుచేయు సూక్ష్మమైన కార్ఖానాలుండును. వానికి రైబోసోములని పేరు. బాక్టీరియా రైబోసోము నిర్మాణము మన కణములోని దానికంటె కొంత వేరు. స్ట్రెప్టోమైసిన్, టెట్రాసైక్లిన్ ఆ తేడాను ఆసరాగా తీసికొని వాని కార్ఖానాలను చెడగొట్టును. వైరసులకు గోడయు లేదు, సొంత కార్ఖానాయు లేదు; అవి మన కణములలోనే దూరి మన కార్ఖానాలనే వాడుకొనును. అందువలన మామూలు జలుబుకు ఈ మందులు బొత్తిగా పనికిరావు. పొరుగింటి పిల్లవానికిచ్చిన మాత్ర లేని గోడను పగులగొట్టుటకు పోయినది!

స్ట్రెప్టోమైసిన్ వచ్చిన క్రొత్తలో క్షయకు చావు వచ్చినదని అందరును సంతోషించినారు. బ్రిటనులో మందు కొరతగా ఉన్న ఆ దినములలో, 1947లో, 107 మంది రోగులను తీసికొని పరీక్ష ఆరంభించినారు. 55 మందికి విశ్రాంతితోపాటు మందు, 52 మందికి విశ్రాంతి మాత్రమే. ఆరు నెలలలో మందు పుచ్చుకొన్నవారిలో 4గురు, పుచ్చుకొననివారిలో 14గురు మరణించినారు. ఇది ఘనవిజయమే. కాని అయిదేండ్లు గడచునప్పటికి మొదటి జట్టులో 32 మంది, రెండవ జట్టులో 35 మంది గతించినారు. తేడా దాదాపు తుడిచిపెట్టుకొని పోయినది.

కారణమేమి? క్రిములు మందుకు లొంగుట మానినవి. క్రిమి బుద్ధితో నేర్చుకొన్న విద్య కాదు ఇది. క్షయపుండులో క్రిములు కోట్లకొలది ఉండును. వానిలో ఎక్కడనో కొన్ని పుట్టుకతోనే మందు దెబ్బ తగులని తేడాతో పుట్టును. తక్కినవి చచ్చినకొలది వీనికి చోటు దొరకును. అచ్చముగా వరిని పోలిన ఊద మొక్క కలుపుతీయువాని కన్ను తప్పించుకొని గింజ రాల్చినచో, మరుసటేడు చేనంతయు అట్టి ఊదయే మొలుచును. పెరికిన చేయియే తెలియకుండ దానిని ఎంచి విత్తినట్లగును.

దీనికి ఉపాయము లెక్కలో దొరకినది. ఒక మందుకు లొంగని క్రిమి పది లక్షలలో ఒకటి ఉన్నదనుకొందాము. రెండవ మందుకు లొంగనిదియు పది లక్షలలో ఒకటి. రెంటికిని లొంగనిది లక్ష కోట్లలో ఒకటి మాత్రమే ఉండును. కనుక రెండు మందులను కలిపి ఇచ్చినచో క్రిమికి తప్పించుకొను దారి దాదాపు ఉండదు. స్ట్రెప్టోమైసిన్‌తో స్వీడనులో వెలసిన పి.ఎ.ఎస్. అను మందును కలిపి చూడగా ఇది నిజమేనని 1950 నాటికి తేలినది. 1952లో చవకైన ఐసొనియజిడ్ మాత్ర వచ్చి చేరినది. అది క్షయక్రిమి గోడలోని మైనమువంటి పదార్థమును తయారుకానీయదు; అట్టి మైనము మన కణములలో లేదు.

ఇక మిగిలినది మందును మనిషికి చేర్చు సమస్య. అంతవరకు క్షయకు చికిత్స అనగా శానిటోరియమే. మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరమువంటి చోట గాలి, విశ్రాంతి, బలమైన ఆహారముతో నెలలకొలది ఉండవలెను. కాని మనదేశములో రోగులు లక్షలు, పడకలు వేలు. 1956లో మద్రాసులో క్షయచికిత్సా పరిశోధనాకేంద్రము నెలకొన్నది. భారత వైద్య పరిశోధనా మండలి, మద్రాసు ప్రభుత్వము, ప్రపంచ ఆరోగ్యసంస్థ, బ్రిటిషు వైద్య పరిశోధనా మండలి కలిసి, వాలెస్ ఫాక్స్ నాయకత్వములో ఒక సాహసమైన పరీక్ష చేసినవి. రెండు వందలకు కొంచెము తక్కువమంది రోగులను తీసికొని, చీట్లు వేసినట్లు రెండు జట్లుగా విభజించినారు. ఒక జట్టు శానిటోరియములో; మరియొక జట్టు తమ ఇరుకు ఇండ్లలోనే, తమకు దొరకిన ఆహారముతోనే. ఇరువురికిని ఒకే మందులు, ఒకే సంవత్సరము.

1959లో ప్రకటించిన ఫలితము వైద్యలోకమును ఆశ్చర్యపరచినది. రెండు జట్లలోను అత్యధికసంఖ్యాకుల కఫములో క్రిములు మాయమైనవి, తేడా స్వల్పము. ఇంట ఉన్నవారినుండి కుటుంబమునకు అదనముగా రోగము సోకలేదు. బలమైన ఆహారము, మంచిగాలి మేలే గాని, రోగమును కుదిర్చినది మందు. ఆ మందు పేదవాని గుడిసెలో కూడ పనిచేయును, విడువక మింగినచో.

ఆ చివరిమాటలోనే అసలు కష్టము. పరిశోధకులు చెప్పకుండ ఇండ్లకు వెళ్లి మాత్రలు లెక్కించినారు, మూత్రము పరీక్షించినారు. ఒంట్లో కులాసాగా ఉన్నప్పుడే మనిషి మందు మానుచున్నాడని గ్రహించినారు. దగ్గు తగ్గుట క్రిములు చచ్చుటకు గుర్తు కాదు. క్రిములు తగ్గుటకు మాత్రమే గుర్తు. ఆరోగ్యకార్యకర్త కన్నుల యెదుటనే మందు మింగించు పద్ధతికి ఆ మద్రాసు పరిశోధనలే పునాది. తరువాత దానిని ప్రపంచదేశములు స్వీకరించినవి.

1959లోనే జపానునుండి మరియొక వార్త వచ్చినది. జిగటవిరేచనముల క్రిములు పలుమందులకు లొంగని గుణమును ప్రేవులలోని వేరుజాతి క్రిములకు అందించగలవని అక్కడి పరిశోధకులు చూపినారు. తండ్రినుండి బిడ్డకు వచ్చు ఆస్తివలె కాక, పొరుగువాడు పొరుగువానికి ఇచ్చు చేబదులువలె ఆ గుణము చేతులు మారును. కనుక అనవసరముగా మింగిన మాత్ర ఆ రోగమును కుదర్చకపోగా, మన ప్రేవులలోని నిరపాయకరమైన క్రిములలో లొంగనివానిని ఏరి పెంచి, రేపటి శత్రువునకు ఆయుధము అందించును.

ఇప్పుడు అలమారలోని నాలుగు మాత్రల వద్దకు తిరిగి వత్తము. ఏ రోగమునకు ఎన్ని దినములు అన్నది వైద్యుడు చెప్పవలసినది. కొన్నింటికి పూర్వముకంటె తక్కువ దినములే చాలునని నేటి పరిశోధనలు చూపుచున్నవి. క్షయకు మాత్రము నెలలు తప్పవు. నిర్ణయము మనది కాదు, పాటించుట మనది. మిగిలినచో మరియొకరికి ఇవ్వరాదు. వైద్యుని చీటి లేక కొనరాదు. అట్టి మందుల రేకులపై ఎర్రగీత ఉండునని, దానిని చూచి జాగ్రత్తపడవలెనని 2016లో మన ఆరోగ్యమంత్రిత్వశాఖ ప్రచారము చేసినది. ఇంటి అలమారను ఒకసారి తెరచి చూచినచో ఆ గీత కనబడవచ్చును.

సల్ఫా, పెన్సిలిన్, స్ట్రెప్టోమైసిన్, ఆరియోమైసిన్ ఇరువది ఏండ్లలోనే ఒకదానివెంట ఒకటి వచ్చినవి. అట్టి పంట మరల రాలేదు. క్రిమికిని మనకును గల భేదములు లెక్కకు కొన్నియే. ఒక్కొక్కదానిని కనుగొనుటకు ఒక్కొక్క జీవితము ధారపోయవలసివచ్చినది. ఆక్స్‌ఫర్డులో నాడు మందు చాలక ఒక మనిషి మరణించినాడు. మందు నిండుగా ఉండి, అది పనిచేయక మన బిడ్డలు మరణించు దినము రాకుండ చూచుకొను భారము మన ఇండ్లలోనే ఉన్నదని మాకు తోచుచున్నది.